మరచిపొమ్మని చెప్పని వైద్యుడు

చిరాగ్‌పల్లి మీదుగా హైదరాబాదు–ముంబయి జాతీయ రహదారి 65 సాగిపోతుంది. రాత్రనక పగలనక లారీలు తిరిగే దారి అది. ఈ దారిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే జహీరాబాదు ప్రాంతంలోని మన సంఘాలవారు ఊరుకోరు. పండ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్తారు, మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేస్తారు. కుట్లు ఎన్ని పడ్డాయి, రాడ్ వేశారా, కట్టు ఎప్పుడు విప్పుతారు అని అడుగుతారు. ఎముక అతికి మనిషి నడిచి వస్తే ఆదివారం సాక్ష్యం చెప్పిస్తారు. ఇదంతా మంచిదే. అయితే అదే మనిషి ఆరు నెలల తరువాత కూడా లారీ హారను వినబడితే చెమటలు పట్టి వణుకుతున్నాడని, అర్ధరాత్రి కేకవేసి లేస్తున్నాడని ఇంటివారు చెప్పినప్పుడు మన దగ్గర సాధారణంగా ఒకే మాట ఉంటుంది. జరిగింది మరచిపో, ప్రాణం దక్కింది కదా, దేవుని స్తుతించు అంటాము. ప్రేమతోనే అంటాము. కాని ఆ మాట గాయాన్ని మాన్పకపోగా లోలోపల పుండు చేయగలదని నూరేళ్ల క్రితమే ఒక వైద్యుడు కనిపెట్టాడు. ఆయన పేరు విలియం హాల్స్ రివర్స్ రివర్స్. ఇంటిపేరు రెండుసార్లు ఎందుకు వచ్చిందా అనుకోకండి, ఆయన పేరే అంత.

రివర్స్ 1864 మార్చి 12న ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి హెన్రీ రివర్స్ ఆంగ్లికన్ సంఘంలో గురువు. అంతేకాదు, నత్తి ఉన్నవారికి మాట సరిచేసే చికిత్సలో పేరున్నవాడు. విచిత్రమేమంటే ఆయన కుమారునికే నత్తి. ఎందరి మాటనో సరిచేసిన ఇంట్లో పెరిగినా ఆ నత్తి రివర్స్‌ను జీవితాంతం పూర్తిగా విడిచిపెట్టలేదు. మరొక విశేషం కూడా ఉంది. ఐదేళ్ల వయసు వరకు తాను నివసించిన ఇంటి కింది అంతస్తు ఆయనకు గుర్తుంది గాని పై అంతస్తు ఏమాత్రం గుర్తులేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆ మేడ మీద తనకు అప్రియమైనదేదో జరిగి ఉంటుందని పెద్దయ్యాక ఆయనే ఊహించి రాసుకున్నాడు. మనుషులు దేనిని ఎందుకు మరచిపోతారు, మరచిపోయినది ఎక్కడికి పోతుంది అనే ప్రశ్న ఆయనకు పుస్తకాల్లో దొరికినది కాదు.

కుర్రతనంలో టైఫాయిడ్ రావడంతో కేంబ్రిడ్జిలో చదివే అవకాశం తప్పిపోయింది. లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యం చదివి 1886లో పట్టా పొందాడు. ఓడ వైద్యునిగా సముద్రయానాలు చేశాడు. 1893లో కేంబ్రిడ్జిలో బోధకునిగా చేరి, ఇంద్రియాలు ఎలా పనిచేస్తాయో ప్రయోగశాలలో పరిశీలించడం నేర్పాడు. 1898లో ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న టారెస్ జలసంధి దీవులకు వెళ్లిన పరిశోధకుల బృందంలో ఆయన ఒకడు.

మన దక్షిణ దేశానికి కూడా వచ్చాడు. 1901–02లో నీలగిరి కొండల మీద తోడ జనుల మధ్య కొన్ని నెలలు గడిపాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలతో పాటు నీలగిరి కూడా అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉండేది. తోడల మధ్య పరిచర్య చేస్తున్న ఒక ఉపదేశి ఆయనకు దుబాషీగా సహాయపడ్డాడు. ఉపదేశులను మనం ప్రసంగపీఠం దగ్గరే గుర్తుచేసుకుంటాము గాని, ఒక పెద్ద పరిశోధన గ్రంథం వెనుక కూడా అలాంటివాడొకడు ఉన్నాడు. తమ మర్మాలను రివర్స్‌కు తెలియజేసిన కొందరు తోడల ఇళ్లలో ఆ రోజుల్లోనే కష్టాలు వచ్చాయి. అది దేవతల ఆగ్రహమని జనం అనుకున్నారు. రివర్స్ ఆ సంగతిని దాచకుండా 1906లో వెలువడిన తన గ్రంథంలో రాశాడు. ఎదుటివాడు తన బాధను ఎలా అర్థం చేసుకుంటున్నాడో నవ్వకుండా వినడం ఆయనకు అక్కడ అలవడిందని నా అభిప్రాయం.

శరీర గాయం గురించి ఆయన చేసిన పరిశోధన వింటే ఒళ్లు జలదరిస్తుంది. నరం తెగినవారికి స్పర్శ ఎలా తిరిగివస్తుందో తెలుసుకోవాలని ఆయన స్నేహితుడు, నరాల వైద్యుడు హెన్రీ హెడ్ ఎంతో ప్రయత్నించాడు. రోగులు ఓపిక చాలక, మాటలు దొరకక సరిగా చెప్పలేకపోయేవారు. అందుకని హెడ్ తన సొంత చేతినే ఇచ్చాడు. 1903 ఏప్రిల్ 25న శస్త్రచికిత్స చేయించుకుని తన ఎడమ చేతిలో ఒక నరాన్ని కావాలనే కోయించి మళ్లీ కుట్టించుకున్నాడు. ఆ తరువాత నాలుగేళ్లకు పైగా వీలు దొరికినప్పుడల్లా లండను నుండి కేంబ్రిడ్జిలోని రివర్స్ గదికి వచ్చేవాడు. హెడ్ కళ్లు మూసుకుని కూర్చునేవాడు. రివర్స్ దూదితో తాకుతూ, సూదితో గుచ్చుతూ, చల్లని వేడి వస్తువులు ఆనిస్తూ ఏమి తెలుస్తున్నదో రాసుకునేవాడు.

వారికి కనబడింది ఇది. స్పర్శ ఒక్కసారిగా తిరిగిరాలేదు. మొదట మొరటు బాధ వచ్చింది. సూది చిన్నగా తగిలినా భరించలేనంత బాధ, అదీ ఎక్కడ తగిలిందో తెలియకుండా చేయంతా పాకేది. దూది తాకితే తెలిసే సున్నితమైన స్పర్శ, ఇక్కడే తాకిందని గుర్తించే శక్తి ఎంతో ఆలస్యంగా వచ్చాయి. అవి వచ్చాక మొరటు బాధ అదుపులోకి వచ్చింది. దీనిని వారిద్దరూ 1908లో ప్రచురించారు. వారు చెప్పిన కారణాలను తరువాతి పరిశోధకులు చాలావరకు ఒప్పుకోలేదన్నది నిజమే. అయినా ఆ నాలుగేళ్లు రివర్స్‌కు ఒక ఆలోచన ఇచ్చాయి. చిన్న తాకిడికే విలవిలలాడటం పిరికితనం కాదు, గాయం మానే క్రమంలో అదొక దశ. మనసు విషయంలో కూడా ఇలాగే ఉంటుందేమోనని ఆయన తరువాత వాదించాడు.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఫిరంగి గుండ్ల మధ్య నెలల తరబడి కందకాల్లో బ్రతికిన సైనికులు, ఒంటి మీద గాయమే లేకుండా మాట పడిపోయి, కాళ్లు చచ్చుబడి, చూపు పోయి ఆసుపత్రులకు రాసాగారు. దీనికి షెల్ షాక్ అని పేరు పెట్టారు. 1915లో ఆ పేరును వైద్య పత్రికకు ఎక్కించిన చార్లెస్ మయర్స్ రివర్స్ శిష్యుడే. పై అధికారుల్లో చాలామందికి ఇది జబ్బు కాదు, వట్టి పిరికితనం, నటన. పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకు తమ సైన్యమే కాల్చి చంపిన 306 మంది సైనికులకు బ్రిటిషు ప్రభుత్వం 2006లో గాని క్షమాపణ ప్రకటించలేదు. మాట పడిపోయినవారి గొంతుకు కరెంటు పెట్టి అరిపించిన వైద్యులు కూడా ఉన్నారు.

మన నేల మీదివారు కూడా ఆ యుద్ధానికి వెళ్లారు. జహీరాబాదు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. ఆ సంస్థానపు అశ్వదళం ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేసింది. మొత్తం మీద పది లక్షలకు పైగా భారతీయ సైనికులు సముద్రాలు దాటి వెళ్లారు. తిరిగివచ్చినవారు రాత్రిళ్లు ఎలా నిద్రపోయారో అడిగినవారు ఎందరు ఉంటారు?

రివర్స్ యాభై ఏళ్లు దాటాక ఈ పనిలోకి వచ్చాడు. 1915లో లివర్‌పూల్ దగ్గర మాగల్ సైనిక ఆసుపత్రిలో సామాన్య సైనికులను చూశాడు. 1916 నుండి ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో అధికారులకు చికిత్స చేశాడు. అక్కడికి వచ్చేవారందరికీ అంతకుముందు ఒకే సలహా అందింది. యుద్ధం గురించి ఆలోచించకు, మంచి విషయాలు తలచుకో, అందమైన ప్రదేశాలను ఊహించుకో. వైద్యులు అదే చెప్పారు, బంధువులు అదే చెప్పారు. రోగులు నమ్మకంగా పాటించారు. పగలంతా జ్ఞాపకాలను అణచివేస్తూ గడిపేవారు. రాత్రి నిద్రలో అవి విరుచుకుపడేవి.

మట్టిలో పూడుకుపోయి, బయటికి లాగుకుంటుండగా గాయపడిన ఒక యువ అధికారి వచ్చాడు. అతడు మరచిపోవాలని ఎంత పెనుగులాడితే అంత కుంగిపోతున్నాడు. అంత భయంకరమైన దానిని మరచిపోవడం ఎవరికీ సాధ్యం కాదని, దానితో పెనుగులాటే నిన్ను జబ్బుపరుస్తున్నదని రివర్స్ అతనికి తేటగా చెప్పాడు. జరిగిన దానిని గూర్చి మాట్లాడనిచ్చాడు. ఆ రాత్రి అతనికి నెలల తరబడి ఎరుగని నిద్ర పట్టింది.

మరొకడు తన ప్రాణస్నేహితుని కోసం వెదుకుతూ వెళ్లి అతని శరీరం ముక్కలై పడివుండటం చూశాడు. ఇంటివారికి పంపడానికి అతని వస్తువులు తానే ఏరి తెచ్చాడు. ప్రతి రాత్రి ఆ శవమే కలలోకి వచ్చేది. రివర్స్ ఓపికగా విని ఒక సంగతి గుర్తుచేశాడు. శరీరం అంతగా ఛిద్రమైందంటే నీ స్నేహితుడు ఆ క్షణంలోనే చనిపోయాడు, గంటల కొద్దీ నొప్పితో కొట్టుకోలేదు. ఆ అధికారి ముఖం మారిపోయింది. కొన్నాళ్లకు కల మళ్లీ వచ్చింది. ఈసారి అతడు స్నేహితుని పక్కన మోకరించి, అతని నడుము పట్టీ విప్పసాగాడు. ఏడుస్తూ మేలుకున్నాడు. అది దుఃఖమే, భయం కాదు.

ఇక్కడితో ఆపితే రివర్స్ కథ చక్కని ప్రసంగ ఉదాహరణ అవుతుంది. కాని ఆయన తన పత్రంలో ఇంకొకరిని గురించి కూడా రాశాడు. గుండు పేలి ఎగిరిపడిన ఒక అధికారి, కొన్ని రోజుల క్రితం చనిపోయి ఉబ్బిన ఒక శత్రు సైనికుని కడుపు మీద బోర్లా పడ్డాడు. అది పగిలింది. నోటి నిండా ఏమి నిండిందో స్పృహ తప్పేలోగా అతనికి తెలిసింది. ఆ రుచి, ఆ వాసన అతనిని వదలలేదు. ఈ జ్ఞాపకంలో ఊరటనిచ్చే కోణం ఏదైనా ఉందేమోనని రివర్స్ వెదికాడు, దొరకలేదు. దొరకలేదని దాపరికం లేకుండా రాశాడు. లేని అర్థాన్ని అంటగట్టలేదు. పల్లెప్రాంతంలో ఉన్నప్పుడు అతనికి కొంత నెమ్మది కలిగేదని తెలుసుకుని, సైన్యం విడిచి అక్కడికే వెళ్లమన్నాడు.

ప్రియ పాఠకులారా, నేను ఎక్కువగా ధ్యానించేది ఈ మూడవ మనిషిని గూర్చే. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఒక మాటైనా పలుకక నేలమీద అతనితో కూర్చున్నారు. అంతవరకు వారు చేసినది ఓదార్పే. అతని బాధకు అర్థం చెప్పడం మొదలుపెట్టిన తరువాతే చెడింది. బిడ్డను రోడ్డు మీద పోగొట్టుకున్న తల్లి దగ్గర, ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన స్త్రీ దగ్గర, దేవుని ఉద్దేశం ఇదేనని మనం ఎంత త్వరగా చెప్పేస్తామో ఆలోచించండి. వారిలో కొందరికి మన ప్రార్థనతో పాటు మనసు వైద్యుడు కూడా కావాలి. అలా వెళ్లడం అవిశ్వాసమనే మాట ఇప్పటికీ కొన్ని సంఘాల్లో వినబడుతుంది.

రివర్స్ తన అనుభవాన్ని 1917 డిసెంబరులో వైద్యుల ఎదుట పత్రంగా చదివాడు. అది 1918లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. జ్ఞాపకాన్ని అణచడమూ కీడే, పగలు రాత్రి దానినే తవ్వుకుంటూ కూర్చోవడమూ కీడేనని ఆయన తీర్పు. ఫ్రాయిడ్ చెప్పిన దానిలో అణచివేత గురించినది తీసుకుని, ప్రతిదానికీ లైంగికతే మూలమన్న వాదాన్ని విడిచిపెట్టాడు. ప్రాణభయమే చాలునని తన రోగులను చూసి గ్రహించాడు. ఇలాంటి జబ్బును పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే పేరుతో అమెరికా మానసిక వైద్యులు తమ జాబితాలో చేర్చినది 1980లో.

ఆయనను విశ్వాసవీరుల వరుసలో నిలబెట్టాలని నాకు లేదు. ఆయన మనసును తొలిచిన చిక్కు కూడా ఒకటి ఉంది. బాగైన మనిషిని మళ్లీ యుద్ధానికే పంపాలి. సైనిక వైద్యునిగా అది ఆయన విధి. 1917 జూలైలో కవి, యుద్ధవీరుడు సీగ్‌ఫ్రీడ్ సాసూన్ యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించినందుకు ఆయన దగ్గరికి పంపబడ్డాడు. సాసూన్‌కు మతి చెడలేదని రివర్స్‌కు తెలుసు. వారానికి కొన్నిసార్లు కూర్చుని మాట్లాడుకున్నారు. చివరికి సాసూన్ తన మనుషులను విడిచి ఉండలేక తానే యుద్ధానికి తిరిగివెళ్లాడు. ఆ మాటల వలన రివర్స్ కూడా మారాడు. యుద్ధం కొనసాగడం న్యాయమేనా అన్న సందేహం తన కలల్లోకి కూడా వచ్చిందని దాచకుండా రాశాడు.

యుద్ధం తరువాత ఆయన కేంబ్రిడ్జికి తిరిగివచ్చాడు. మునుపు బిడియస్తుడైన మనిషి ఇప్పుడు విద్యార్థులకు తలుపు తెరిచి ఉంచేవాడు. లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకు పోటీ చేయడానికి ఒప్పుకున్నాడు. అంతలోనే, 1922 జూన్ 4న, పెంతెకొస్తు ఆదివారం నాడు, పేగు మెలిపడిన హెర్నియాతో చనిపోయాడు. వయసు 58. సెలవు దినాలు కావడంతో ముందు రాత్రి నొప్పి వచ్చినప్పుడు ఆయన గదిలో సహాయానికి ఎవరూ లేరు.

సాసూన్ 1936లో తన యుద్ధానుభవాల చివరి పుస్తకం ప్రచురించాడు. అందులో తనతో సహా మనుషుల పేర్లు మార్చి రాశాడు గాని రివర్స్ పేరు మాత్రం మార్చలేదు. 1918లో తలకు గుండు గాయమై, మనసు చెదిరి లండను ఆసుపత్రిలో పడివున్నప్పటి సంగతితో ఆ పుస్తకం ముగుస్తుంది. ఎవరూ పిలవకుండానే రివర్స్ ఆ గదిలోకి వచ్చి, తలుపు మూసి, అతని మంచం పక్కన కూర్చుంటాడు.