జూడో పితామహుడు జిగోరో కానో

జిగోరో కానో 1860లో జపాన్‌లో జన్మించారు. బక్కపలచగా ఉండటంతో బడిలో తోటి విద్యార్థులు కొట్టేవారు. జుజుత్సు నేర్చుకుందామంటే గురువులు దొరకలేదు. కాలం మారి ఆ విద్యకు ఆదరణ పోయింది. కొందరు గురువులు విరిగిన ఎముకలకు కట్లు కట్టి బతికేవారు. కానో వారినే వెతుక్కుంటూ వెళ్ళి నేర్చుకున్నారు.

టోక్యో విశ్వవిద్యాలయంలో చదివి, 1882లో ఒక బౌద్ధాలయంలో 12 చాపలు పట్టే గదిలో కొడోకాన్ స్థాపించారు. ప్రమాదకరమైన దెబ్బలను సాధన పోటీల నుండి తీసివేశారు. శిష్యులకు దెబ్బ తగలకుండా పడటం నేర్పారు. మనవంటి బక్కవాళ్ళకు ముందు కావలసింది అదే, కండలు తర్వాత సంగతి! ఎదుటివాడు తోస్తే ఆ ఊపుతోనే అతన్ని పడవేయడం ఇందులోని కిటుకు.

ఆయన 1938లో ఓడలో స్వదేశానికి వస్తూ మరణించారు. జూడో 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో చేరింది. మహిళలకు పతకాలు 1992లో మొదలయ్యాయి.