అణుకొలిమికి పగ్గం వేసిన తెలుగువాడు

మన ధర్మపురి నుంచి తూర్పుగా సముద్రతీరానికి పోతే కల్పాక్కం వస్తుంది. అక్కడి రియాక్టర్లన్నీ ఒక జాతివి కావు. భారజలంతో నడిచేవి రెండు 1983, 1985 సంవత్సరాలలో ప్రాణం పోసుకున్నవి. ద్రవ సోడియంతో చల్లబడే ఫాస్ట్ బ్రీడర్ 1985లోనే వచ్చింది. జాతి ఏదైనా దానికి పగ్గం కావాలి. ఆ పగ్గం మన చేతులతోనే పేనగలమని చూపినవారు శ్రీ అయ్యగారి సాంబశివరావు గారు.

వీరు 1914 సెప్టెంబరు 20న, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లులో జన్మించారు. అల్లూరి సీతారామరాజు వంశీకుల ఊరు కూడా అదే. కాశీ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, అక్కడే కొంతకాలం పాఠాలు చెప్పి, తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డులో ఇంజనీరింగు అభ్యసించారు. తిరిగివచ్చి బొంబాయిలో హోమీ భాభా గారి సంస్థలో చేరారు.

ట్రాంబేలో తొలి రియాక్టరు కట్టదలచినపుడు ఇంధనం బ్రిటన్ నుంచి తెచ్చుకోక తప్పలేదు. నియంత్రణ యంత్రాలు మాత్రం ఇక్కడే చేయాలన్నారు. ఆ భారం రావు గారి బృందం మీద పడింది. రేడియో సెట్టుకు కూడా దిగుమతి భాగాల కోసం ఎదురుచూసే రోజులవి!

పని ఎంత సున్నితమో చూడండి. యురేనియం కేంద్రకం ఒకటి పగిలితే రెండు మూడు న్యూట్రాన్లు వెలువడతాయి. వాటిలో సగటున ఒక్కటే మరొక కేంద్రకాన్ని పగులగొట్టాలి. తగ్గితే కొలిమి ఆరిపోతుంది, పెరిగితే చేయి దాటుతుంది. ఆ లెక్క క్షణక్షణం పరికరాలు తీయాలి. హద్దు మీరితే న్యూట్రాన్లను మింగే కడ్డీలు తమంత తామే లోనికి దిగాలి. పొంగే పాలను చూచి ఇల్లాలు మంట తగ్గించినంత తీరిక ఇక్కడ లేదు.

1956 ఆగస్టు 4న ఆ రియాక్టరు పనిచేసింది. నీటికొలనులో ఇంధనం వేలాడే జాతి అది. నీరే న్యూట్రాన్ల వేగం తగ్గిస్తుంది, చల్లబరుస్తుంది, కిరణాలకు అడ్డుగోడ కూడా అవుతుంది. నీటిలోని నీలికాంతిని చూచి నెహ్రూ గారు అప్సర అని పేరు పెట్టారు. సోవియట్ దేశాన్ని మినహాయిస్తే ఆసియాలో అదే మొదటిది.

1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా గారు పోయారు. మరుసటి ఏడు, 1967లో, హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ రావు గారి సారథ్యాన వెలసింది. కల్పాక్కం వంటి అణువిద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు అక్కడివే. కంప్యూటర్లు, టెలివిజన్ సెట్లు కూడా తయారు చేశారు. 1972లో పద్మభూషణ్ లభించింది. 2003 అక్టోబరు 31న రావు గారు కన్నుమూశారు. ఆ కర్మాగారం చెంత పెరిగిన పేటను హైదరాబాదులో నేటికీ ఏ.ఎస్. రావు నగర్ అనే పిలుస్తారు.