వెస్లీ నడిపిన వృద్ధుల ఇల్లు

జాన్ వెస్లీ అనగానే గుర్రం మీద ఊరూరా తిరిగి సువార్త ప్రకటించిన భక్తుడే మనకు గుర్తొస్తాడు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన ఆయన లండన్‌లో వృద్ధుల కోసం ఒక ఇల్లు కూడా నడిపాడన్న సంగతి మన ప్రసంగాల్లో అంతగా వినబడదు. తల్లినో తండ్రినో ఆశ్రమంలో చేర్చాలా వద్దా, చేర్చితే ఏం చూసి చేర్చాలి అని లోలోపల నలిగిపోతున్న కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇంటి సంగతి వారి కోసమే.

వెస్లీ 1703లో ఇంగ్లండ్‌లోని ఎప్‌వర్త్‌లో పాస్టరు గారింట పుట్టాడు. 1735లో తండ్రి శామ్యూల్ చనిపోవడంతో చర్చివారిచ్చిన ఇల్లు వదలక తప్పలేదు. తల్లి సుసన్నా కొన్నాళ్లు ఒక బిడ్డ దగ్గర, కొన్నాళ్లు మరో బిడ్డ దగ్గర గడిపింది. 1739లో వెస్లీ లండన్‌లో పాడుబడిన ఫిరంగుల కార్ఖానా ఒకటి తీసుకుని, బాగుచేయించి ఆరాధన స్థలంగా మార్చాడు. దాని పేరు ఫౌండరీ. తల్లిని అక్కడికే తెచ్చుకున్నాడు. ఆయన ఇంటిపట్టున ఉండే కొడుకు కాదు, ఎప్పుడూ ప్రయాణాలే. అయినా ఆమె ఒంటరి కాలేదు, చుట్టూ సంఘం ఉంది. 1742 జూలైలో బ్రిస్టల్ నుంచి ఆయన చేరుకున్న మూడు రోజులకు, కొడుకూ కూతుళ్లూ మంచం చుట్టూ ఉండగా ఆమె కన్నుమూసింది.

అలాంటి బిడ్డలు లేని విధవరాండ్రు లండన్‌లో ఎందరో ఉన్నారు. వారిలో తమను తాము పోషించుకోలేని ముసలివారిని చూసి వెస్లీ ఫౌండరీకి దగ్గర్లో రెండు చిన్న ఇళ్లు లీజుకు తీసుకున్నాడు. వెచ్చగా, శుభ్రంగా ఉండేలా వాటిని సిద్ధం చేయించాడు. 1748 నాటికి అందులో తొమ్మిదిమంది విధవరాండ్రు, ఒక అంధురాలు, ఇద్దరు పేదపిల్లలు, వారిని చూసుకునే పనివారు ఉన్నారు. విశ్వాసుల వారపు చందాలూ, ప్రభువు బల్ల దగ్గర వచ్చిన కానుకలూ దీనికే ఖర్చుచేసేవారు. అవి చాలక అప్పయింది. ఆ అప్పును ఆయన దాచలేదు, రాతపూర్వకంగానే ఒప్పుకున్నాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది అక్కడి భోజనం. వెస్లీ, ఊళ్లో ఉన్న ఇతర బోధకులు ఆ పేదలతో కలిసి అదే బల్ల దగ్గర, అదే ఆహారం తినేవారు. సహపంక్తి భోజనం అన్నమాట! ఆశ్రమం చూడబోయే కుటుంబం గోడల రంగులు, బ్రోచర్లు చూసి మురిసిపోకుండా భోజనాల వేళకు చెప్పకుండా వెళ్తే మంచిది. నడిపేవారు ఆ కూర తింటారా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఇళ్లలో మంచం పట్టినవారి కోసం ఆయన మరో ఏర్పాటు చేశాడు. లండన్‌ను 23 భాగాలు చేసి, ఇష్టపూర్వకంగా ముందుకొచ్చిన 46 మందిని ఇద్దరిద్దరు చొప్పున నియమించాడు. ప్రతి రోగినీ వారానికి మూడుసార్లు చూడాలి. ఓర్పుగా, మృదువుగా ఉండాలి, శుభ్రత పాటించాలి, దేనికీ చీదరించుకోకూడదు. వారానికి మూడుసార్లు! నెలనెలా డబ్బు కట్టేసి పండక్కి మాత్రం ముఖం చూపించే మనకు ఈ లెక్క కాస్త గుచ్చుకుంటుంది.

1786లో రోగులను దర్శించడం గురించి రాసిన ప్రసంగంలోనూ ఆయన మనిషిని పంపడం వేరు, తాను వెళ్లడం వేరని తేల్చాడు. వెళ్లగానే ముందు ఏమడగాలో కూడా నేర్పాడు. తిండీ బట్టా సరిపోతున్నాయా? చలికాలమైతే వంటచెరకు ఉందా? దగ్గరుండి చూసేవారున్నారా? జబ్బుకు సరైన వైద్య సలహా అందుతోందా? ఆత్మీయ విషయాలు వీటి తర్వాతే. ఆశ్రమంలో ఉన్న అమ్మను చూడబోయే కొడుక్కి ఇంతకంటే పనికొచ్చే ప్రశ్నలు నాకు తోచలేదు. ప్రార్థన చేసేసి గబగబా లేచి వచ్చేవారు ముందుగా ఆమె దుప్పటి తడిమి చూడాలి.

తన 81వ ఏట, 1785 జనవరిలో, కరిగిన మంచు మడమలు ముంచుతున్నా ఆయన లండన్ వీధుల్లో తిరిగి పేదల బట్టల కోసం 200 పౌండ్లు అడిగి తెచ్చాడు. తర్వాత జబ్బుపడ్డాడు కూడా.

వెస్లీకి సొంత బిడ్డలు లేరు. సిటీ రోడ్డులో చాపెల్ పక్కనున్న ఇంట్లో చివరి రోజుల్లో ఎలిజబెత్ రిచీ అనే విశ్వాసి ఆయన్ను దగ్గరుండి చూసుకుంది. 1791 మార్చి 2న, 87 ఏళ్ల వయసులో, స్నేహితుల మధ్య ప్రభువు నందు నిద్రించాడు. తన శవపేటికను ఆరుగురు పేదవారు మోయాలనీ, ఒక్కొక్కరికీ ఒక పౌండు ఇవ్వాలనీ వీలునామాలో రాసిపెట్టాడు.