మాన్యం నుంచి విముక్తి: డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి జీవితం

వేశ్యావృత్తికి లైసెన్సు ఇచ్చి అదుపులో ఉంచాలా, లేక ఆడపిల్లలను ఆ దారికి ఈడ్చే కారణాలనే తొలగించాలా అన్న ప్రశ్న మన దేశానికి కొత్తది కాదు. ఆంగ్లేయుల పాలనలో మొదటి మార్గాన్ని పరీక్షించి చూశారు. 1864 నాటి కంటోన్మెంటు చట్టం, 1868 నాటి అంటువ్యాధుల చట్టం ప్రకారం దండు ప్రాంతాల్లోనూ, ఎంపిక చేసిన పట్టణాల్లోనూ వేశ్యలు తమ పేర్లు నమోదు చేయించుకోవాలి. నిర్ణీత కాలానికి ఒకసారి వైద్యపరీక్షకు హాజరు కావాలి. వ్యాధి ఉన్నట్లు తేలితే నిర్బంధ ఆసుపత్రిలో ఉండాలి. వారి వద్దకు వెళ్లే పురుషుడికి మాత్రం పరీక్షా లేదు, శిక్షా లేదు. భయపడిన స్త్రీలు అధికారుల కంటబడకుండా తిరిగారు. వ్యాధులూ ఆశించినట్లు తగ్గలేదు. ఇంగ్లండులో జోసఫిన్ బట్లర్ వంటివారు సాగించిన ఉద్యమ ఫలితంగా 1888లో ఆ చట్టం రద్దయింది.

దీనికి 2 సంవత్సరాల ముందు, 1886 జూలై 30న, పుదుక్కోట సంస్థానంలో జన్మించిన ఒక బాలిక తరువాతి కాలంలో రెండో మార్గానికి చట్టరూపం ఇచ్చింది. ఆమే డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి.

తండ్రి నారాయణస్వామి అయ్యర్ మహారాజా కళాశాల ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కులంలో పుట్టిన స్త్రీ. ఆ వివాహం కారణంగా తండ్రిని బంధువులు దూరం పెట్టారు. కులం పేరిట ఆడపిల్లకు ఎటువంటి భవిష్యత్తు రాసిపెట్టి ఉంటుందో ముత్తులక్ష్మి చిన్ననాడే తల్లి వైపు కుటుంబాన్ని చూసి గ్రహించారు. మగపిల్లలు మాత్రమే చదివే మహారాజా కళాశాలలో ఆమెను చేర్చుకోవడానికి ఎన్నో అభ్యంతరాలు వచ్చినా, మహారాజు అనుమతించారు. 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, 1912లో పట్టా పుచ్చుకున్నారు. 1914లో డాక్టర్ సుందరరెడ్డిని వివాహమాడారు. తనను సమానురాలిగా చూడాలని, తన ఆశయాలకు అడ్డు రాకూడదని పెళ్లికి ముందే ఆమె షరతు పెట్టారు. ఆయన దానికి అంగీకరించారు.

1926లో మద్రాసు శాసనమండలికి ఆమె పేరు ప్రతిపాదితమైంది. బ్రిటిష్ ఇండియాలో శాసనసభ్యురాలైన తొలి మహిళ ఆమె. మండలికి ఉపాధ్యక్షురాలిగా కూడా ఎన్నికయ్యారు. 1927 నవంబరులో, దేవాలయాలకు ఆడపిల్లలను అంకితం చేసే ఆచారాన్ని నిషేధించాలంటూ ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. మండలి దానిని ఆమోదించింది.

ఆచారాన్ని తిట్టినంత మాత్రాన అది పోదని ఆమె ఎరుగుదురు. దేవదాసీ కుటుంబాలకు ఆలయ మాన్యాలు ఉండేవి. గుడిలో సేవ చేసినంత కాలమే ఆ భూమి వారిది. సేవ ఆగితే భూమి పోతుంది. భూమి నిలవాలంటే ప్రతి తరంలోనూ ఒక ఆడపిల్లకు గజ్జె కట్టవలసిందే. ఈ ముడిని విప్పడానికి 1929లో హిందూ ధర్మాదాయ చట్టానికి సవరణ తెచ్చారు. దాని ప్రకారం దేవదాసీలు సేవాబాధ్యత నుంచి విముక్తులై, శిస్తు చెల్లించి ఆ భూములను తమవిగా అనుభవించవచ్చు. పిల్లను అంకితం చేయకపోతే పొలం పోతుందన్న భయం దీనితో తొలగింది.

ఈ సంస్కరణను వ్యతిరేకించినవారూ సామాన్యులు కారు. శాసనమండలిలో ఎస్. సత్యమూర్తి ఆచారం తరఫున వాదించారు. దేవదాసీల పక్షాన సంగీత విదుషి బెంగుళూరు నాగరత్నమ్మ నిలిచారు. మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టి, ముద్దుపళని కావ్యాన్ని తెలుగులో పరిష్కరించి ప్రచురించి, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయం కట్టించిన మహనీయురాలామె. దేవదాసీలను వేశ్యలతో కలిపి లెక్కించడం అన్యాయమని, ఆస్తిహక్కూ విద్యా కళా ఉన్న స్త్రీలను చట్టం ఒక్క దెబ్బతో అవమానిస్తున్నదని ఆమె వర్గం ప్రభుత్వానికి విన్నవించుకుంది. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కళకు వచ్చిన గౌరవం తరువాతి కాలంలో ఇతర కులాలకు దక్కగా, ఆ కళను తరతరాలుగా కాపాడిన ఎన్నో కుటుంబాలు జీవనాధారం కోల్పోయాయి. అయితే ఊహ తెలియని బాలికను, ఆమె సమ్మతి లేకుండా, జీవితాంతం ఒక స్థితికి కట్టివేయడాన్ని ఏ కళా సమర్థించలేదన్నది ముత్తులక్ష్మి వైఖరి.

వ్యభిచార గృహాల విషయంలోనూ ఆమెది ఇదే దృష్టి. స్త్రీకి ఒక నీతి, పురుషుడికి ఒక నీతి ఉండరాదని ఆమె పట్టుబట్టారు. 1930లో మద్రాసు రాజధానిలో వచ్చిన అనైతిక వ్యాపార నిరోధక చట్టం వెనుక ఆమె కృషి ఉంది. గృహాలు నడిపేవారిని, ఆడపిల్లలను తార్చేవారిని, ఆ సంపాదన మీద బతికేవారిని అది నేరస్థులుగా పరిగణించింది.

అదే సంవత్సరం గాంధీజీ అరెస్టుకు నిరసనగా ఆమె సభ్యత్వానికి రాజీనామా చేశారు. అప్పటికి ఆమె ప్రవేశపెట్టిన అంకిత నిషేధ బిల్లు చట్టం కాలేదు. చట్టంతో బయటపడిన ఆడపిల్ల ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నా ఎదురైంది. దేవదాసీ కుటుంబాల బాలికలకు వసతిగృహాల్లో చోటు దొరకలేదు. ఆమె తన ఇంట్లోనే వారికి ఆశ్రయమిచ్చారు. అలా మొదలైన అవ్వై ఇల్లం అనాథ బాలికలకు చదువు చెప్పే సంస్థగా ఎదిగింది. ఆమె ఆశించిన పూర్తి నిషేధం 1947లో మద్రాసు దేవదాసీ చట్టంగా వెలువడింది. తన చెల్లెలు క్యాన్సరుతో మరణించిన దుఃఖం ఆమెను మరో కార్యానికి పురికొల్పింది. 1954లో అడయారులో 12 పడకలతో క్యాన్సరు ఆసుపత్రి ప్రారంభమైంది. 1956లో పద్మభూషణ్ పొందిన ఆమె 1968 జూలై 22న కన్నుమూశారు.

గౌనిపల్లి పరిసర గ్రామాలకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది. ఆ రోజుల్లో కోలారు సీమ మైసూరు సంస్థానంలోనిది. పక్కనున్న మదనపల్లె ప్రాంతం మద్రాసు రాజధానిలోనిది. మైసూరు ప్రభుత్వం ముజరాయి దేవాలయాల్లో దేవదాసీ సేవను 1909లోనే రద్దు చేయగా, సరిహద్దు దాటితే అటువంటి చట్టం చాలాకాలం లేదు. రాయలసీమ, చిత్తూరు, బళ్లారి ప్రాంతాల్లో బసివిగా, మాతమ్మగా ఆడపిల్లలను విడిచే ఆచారం పెద్ద గుళ్ల మాన్యాలతో పని లేకుండా, పేదరికమూ మొక్కుబడులూ ఆధారంగా సాగింది. అందుకే కర్ణాటక 1982లో, ఆంధ్రప్రదేశ్ 1988లో మళ్లీ చట్టాలు చేయవలసి వచ్చింది. ఈ రెండు చట్టాలూ అంకితాన్ని చెల్లనిదిగా ప్రకటించాయి. అలా విడిచిన స్త్రీ వివాహం చేసుకుంటే అది చెల్లుతుందని స్పష్టం చేశాయి. అంకితం చేసినది తల్లిదండ్రులే అయితే శిక్ష మరింత ఎక్కువ. నేడు సరిహద్దుకు ఏ వైపున ఉన్న గ్రామంలోనైనా, మొక్కు పేరిట పిల్లను దేవతకు విడవడం నేరమే. ఆ పిల్లకు బడి, కూడు, నీడ సమకూర్చే బాధ్యత మాత్రం చట్టం ఒక్కదానితో తీరదని అవ్వై ఇల్లం చరిత్ర చెబుతూనే ఉంది.