రఫత్ మరణం నుంచి పుట్టిన దవాఖాన: శహజాదీ నిలోఫర్ జీవితం

వికారాబాద్, తాండూరు వైపు పుట్టిన బిడ్డకు ఊపిరి సరిగా అందకపోతే చాలాసార్లు డాక్టర్లు హైదరాబాద్‌లోని నిలోఫర్‌కు పంపిస్తారు. తాండూరు నుంచి నూరు కిలోమీటర్లకు పైనే. దారంతా ఇంట్లోవాళ్లు దువా చేస్తూనే ఉంటారు. ఆ దవాఖానకు ఎవరి పేరు పెట్టారో మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ పేరు గల శహజాదీకి జీవితంలో ఒక్క బిడ్డ కూడా పుట్టలేదు.

నిలోఫర్ 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లో పుట్టారు. తల్లి అదీలా సుల్తాన్‌ది ఉస్మానీ ఖలీఫాల ఖాందాన్. నిలోఫర్‌కు ఊహ తెలియకముందే తండ్రి చనిపోయారు. 1924లో తుర్కీలో ఖిలాఫత్‌ను రద్దు చేసి, ఆ ఖాందాన్ మొత్తాన్ని దేశం నుంచి పంపించేశారు. ఎనిమిదేళ్ల నిలోఫర్ తల్లి వెంట ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణం చేరారు. పేరుకు శహజాదీ అయినా సొంత దేశం లేదు.

1931 నవంబర్‌లో నీస్‌లోనే రెండు నికాలు జరిగాయి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుకు ఆజం జాకు ఆఖరి ఖలీఫా కూతురు దుర్రెషెహ్వార్‌తో, రెండో కొడుకు మొఅజ్జం జాకు నిలోఫర్‌తో. అప్పటికి నిలోఫర్ వయసు 15 ఏళ్లు. కొత్త కోడళ్లు ఓడలో బొంబాయికి, అక్కడి నుంచి రైల్లో హైదరాబాద్‌కు వచ్చారు. బొంబాయి నుంచి వచ్చే ఆ రైలు మార్గం వాడి దాటాక తాండూరు, వికారాబాద్ మీదుగానే పోతుంది.

హైదరాబాద్‌లో ఆమె కాపురం హిల్ ఫోర్ట్ ప్యాలెస్‌లో. పరదా పాటించకుండా సభలకు, విందులకు వెళ్లేవారు. ఆమె అందం గురించి దేశవిదేశాల పత్రికలు రాశాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నర్సు శిక్షణ తీసుకుని సహాయ పనుల్లో పాల్గొన్నారు. అన్నీ ఉన్నా ఒడి మాత్రం నిండలేదు. ఏళ్లు గడిచాయి. విదేశాల్లో పేరున్న డాక్టర్లకు చూపించుకున్నారు, ఫలితం లేకపోయింది.

ఈ రోజుల్లో అయితే స్కానింగ్ చేస్తారు, హార్మోన్ పరీక్షలు రాస్తారు, ట్యూబులు మూసుకుపోయాయేమో చూస్తారు, భర్తకూ పరీక్ష చేయిస్తారు. అవసరమైతే ఐవీఎఫ్ ఉంది. కానీ ఐవీఎఫ్ ద్వారా ప్రపంచంలో తొలి బిడ్డ పుట్టిందే 1978లో. నిలోఫర్ కాలానికి ఆ దారి లేదు. పిల్లలు కలగకపోవడానికి కారణం భార్యలో ఉండొచ్చు, భర్తలో ఉండొచ్చు, ఇద్దరిలోనూ ఉండొచ్చు. అయినా మాట పడేది మాత్రం ఎక్కువగా ఆడమనిషే. ఇది మహల్‌లోనూ అంతే, మామూలు ఇంట్లోనూ అంతే. 1948లో మొఅజ్జం జా మరో నికా చేసుకున్నారు.

ఆ దుఃఖంలో ఉండగానే 1949లో ఇంకో దెబ్బ తగిలింది. నిలోఫర్ ఎంతో ఇష్టపడే పనిమనిషి రఫతున్నీసా బేగం కాన్పులో చనిపోయింది. నిలోఫర్ తట్టుకోలేకపోయారు. ఇంకో రఫత్ ఇట్లా పోకూడదని, ఆడవాళ్లకు, పిల్లలకు మంచి దవాఖాన కావాలని మామగారి దగ్గర పట్టుబట్టారు.

ఆ రోజుల్లో కాన్పు అంటే ఎక్కువగా ఇంట్లోనే, దాయీ చేతుల మీదుగానే. హైదరాబాద్‌లో విక్టోరియా జనానా ఆసుపత్రి ఉన్నా, అందరికీ అందేది కాదు. కాన్పులో తల్లి ప్రాణం తీసేవి ముఖ్యంగా కొన్నే. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం, బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, బాలింత జ్వరం, బిడ్డ అడ్డం తిరగడం. మొదట్నుంచీ రక్తం తక్కువగా ఉన్న తల్లికి ప్రమాదం ఇంకా ఎక్కువ. రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోపే ప్రాణం పోవచ్చు. గర్భసంచి ముడుచుకునే ఇంజెక్షన్, ఎక్కించడానికి రక్తం, యాంటీబయాటిక్స్, వేళకు ఆపరేషన్ అందితే వీటిలో చాలావరకు బతికించవచ్చు. అవి ఉండేది దవాఖానలోనే.

1953లో రెడ్ హిల్స్‌లో నిలోఫర్ దవాఖాన మొదలైంది. అప్పటికే నిలోఫర్ హైదరాబాద్‌లో లేరు. 1952లో మొఅజ్జం జాతో తలాక్ అయ్యింది, ఆమె ఫ్రాన్స్‌లోనే ఉండిపోయారు. 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికా దేశస్తుణ్ని పెళ్లి చేసుకున్నారు. 1989 జూన్ 12న ప్యారిస్‌లో ఇంతెకాల్ అయ్యారు. అక్కడికి దగ్గర్లో బోబినీలోని ముస్లిం ఖబరస్తాన్‌లో ఆమెను దఫన్ చేశారు.

ఆ దవాఖాన ఇప్పుడు ఉస్మానియా మెడికల్ కాలేజీ కింద నడుస్తోంది. పిల్లల వైద్యానికి తెలంగాణలో పెద్ద దిక్కు అదే. జిల్లాల నుంచి ఒడిలో బిడ్డను పెట్టుకుని వచ్చే తల్లులు అక్కడ రోజూ కనిపిస్తారు. మతం అడిగేవాళ్లు ఉండరు. శహజాదీకి బిడ్డలు లేరు, ఆమె సమాధి మనకు దూరంగా పరాయి దేశంలో ఉంది. బిడ్డ బాగై ఇంటికి తీసుకొచ్చిన రోజు, దువాలో శహజాదీని, రఫత్‌ను కూడా తలుచుకుంటే బాగుంటుంది.