అల్సెస్టిస్‌కీ సావిత్రికీ పాట కట్టిన బడిపంతులు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంతో కాస్త పరిచయం ఉన్నవారికి గుస్తావ్ హోల్స్ట్ అనగానే ‘ది ప్లానెట్స్’ గుర్తుకొస్తుంది. నన్నడిగితే మాత్రం ఆయన మనసంతా బృందగానాల్లో ఉందంటాను. గ్రీకు పురాణ కథలకూ మన ఋగ్వేద సూక్తాలకూ సమానమైన శ్రద్ధతో పాట కట్టిన మనిషి ఆయన. ఉద్యోగాల కోసం దేశాలు దాటి వచ్చిన మనలాంటి వాళ్ళకి ఆయన జీవితంలో తెలుసుకోదగ్గ సంగతులు చాలా ఉన్నాయి.

హోల్స్ట్ 1874 సెప్టెంబరు 21న ఇంగ్లండులోని చెల్టన్‌హామ్‌లో పుట్టారు. తండ్రి సంగీతం పంతులు. కొడుకుని పియానో విద్వాంసుణ్ణి చేయాలని ఆయన ఆశ. కానీ పిల్లవాడికి ఉబ్బసం, సరిగా ఆనని చూపు, వీటికి తోడు కుడిచేతిలో నరాల నొప్పి. పియానో ఆశ అక్కడితో పోయింది. ఊదితే ఉబ్బసానికైనా మంచిదని ట్రాంబోన్ చేతికిచ్చారు. 1893లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరారు. చదువయ్యాక కొన్నేళ్ళు ఆర్కెస్ట్రాల్లో ఆ ట్రాంబోనే వాయించి పొట్టపోసుకున్నారు.

1905లో సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో సంగీతం మాస్టారుగా చేరి, చనిపోయేదాకా ఆ ఉద్యోగం వదల్లేదు. 1907 నుంచి మోర్లీ కాలేజీలో, పగలంతా పనిచేసి సాయంత్రం పాఠాలకు వచ్చే వారికీ నేర్పారు. సొంత రచనకు మిగిలింది ఆదివారాలూ బడి సెలవులూ మాత్రమే. వారమంతా ఆఫీసుకిచ్చి, వీకెండ్‌లో మనసుకి నచ్చిన పని చేసుకునే మనకి ఆ ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు.

యువకుడిగా ఉండగా ఆయనకు భారతీయ సాహిత్యం మీద మోజు కలిగింది. ఇంగ్లీషు అనువాదాలు తెచ్చుకుని చదివితే తృప్తి కలగలేదు. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆయన మాత్రం లండన్ యూనివర్సిటీ కాలేజీలో మాబెల్ బోడ్ అనే అధ్యాపకురాలి దగ్గర సంస్కృతం నేర్చుకున్నారు. పండితుడేమీ కాలేదు. దేవనాగరి లిపి కూడబలుక్కుంటూ, నిఘంటువులో ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ ఋగ్వేద సూక్తాలను తానే ఇంగ్లీషు చేసుకుని, 1908–12 మధ్య నాలుగు భాగాలుగా బృందగానాలు కట్టారు.

1908లో ఆరోగ్యం కోసం అల్జీరియా వెళ్ళి అక్కడి వీధి సంగీతం విన్నారు. ఆ జ్ఞాపకంతో రాసిన ‘బెని మోరా’లో చిన్న అరబ్బు స్వరఖండాన్ని వేణువు 163 సార్లు పలుకుతుంది. అరబ్బు నేల మీద బతుకుతున్న నాకు ఆ పట్టుదల చూస్తే ముచ్చటేస్తుంది.

కానీ ఆయన కష్టానికి ఫలితం అంత తొందరగా దక్కలేదు. రామాయణం మీద ఏళ్ళ తరబడి రాసిన ‘సీత’ ఆపెరాకు పోటీలో బహుమతి రాలేదు. కాళిదాసు మేఘదూతం ఆధారంగా రాసిన పెద్ద బృందగానం 1913 మార్చిలో లండన్‌లోని క్వీన్స్ హాల్‌లో పాడితే జనానికి ఎక్కలేదు. హోల్స్ట్ బాగా కుంగిపోయారు. మిత్రులు ఆయన్ని స్పెయిన్‌లోని మయోర్కా ద్వీపానికి తీసుకెళ్ళారు. అక్కడే జ్యోతిషం మీద ఆసక్తి మొదలైంది. ‘ది ప్లానెట్స్’ పుట్టింది ఆ ఆసక్తిలోంచే.

గ్రీకు కథల వైపు వద్దాం. గ్రీకు నాటకంలో కోరస్ అంటే కథ మధ్యలో పాడి, ఆడి, జరిగేదానికి స్పందించే బృందం. మన బుర్రకథలో వంతలు కొంతవరకు అలాంటివారే. యూరిపిడిస్ నాటకం ‘బాకే’లోని మాటలకు గిల్బర్ట్ మరే ఇంగ్లీషు అనువాదం తీసుకుని, 1913లో ఆడవాళ్ళ గొంతులకు ‘హిమ్ టు డయోనైసస్’ రాశారు హోల్స్ట్. ఆ నాటకం మొదట్లో డయోనైసస్ తాను తిరిగి వచ్చిన దేశాలు ఏకరువు పెడతాడు. అందులో సౌభాగ్యవంతమైన అరేబియా కూడా ఉంది. దక్షిణ అరేబియాకి గ్రీకులు పెట్టిన పేరది. ఆ సౌభాగ్యానికి ఒక కారణం ధూపద్రవ్యాలు. మన ఒమన్‌లోని ధోఫార్ నుంచి వచ్చే లుబాన్ కూడా ఆ కోవలోదే. మస్కట్‌లో మత్రా సూక్‌కి వెళ్తే ఇప్పటికీ ఆ పొగ మన సాంబ్రాణిని గుర్తుచేస్తుంది.

1918 చివర్లో, యుద్ధం ముగిసే వేళ, హోల్స్ట్ గ్రీసులోని సలోనికాకి వెళ్ళారు. ఇళ్ళకు పోవడానికి ఎదురుచూస్తున్న సైనికులకు వైఎంసీఏ తరఫున సంగీతం నేర్పడం అక్కడ ఆయన పని. తిరిగొచ్చాక 1920లో యూరిపిడిస్ ‘అల్సెస్టిస్’ నుంచి ఏడు బృందగానాలు కట్టారు. ఆడపిల్లల గొంతులు, ఒక హార్ప్, మూడు వేణువులు, అంతే.

అల్సెస్టిస్ ఎవరంటారా? భర్త అడ్మెటస్‌కి చావు ముంచుకొస్తుంది. బదులు ఇంకెవరైనా చనిపోతే అతను బతుకుతాడు. ముసలి తల్లిదండ్రులు సైతం ఒప్పుకోరు, భార్య ఒప్పుకుంటుంది. ఇంటికి అతిథిగా వచ్చిన హెరాక్లిస్ సంగతి తెలుసుకుని, మృత్యువుతో కలబడి ఆమెను వెనక్కి తెస్తాడు.

ఇది వినగానే మనకి సావిత్రి గుర్తుకు రాక మానదు. హోల్స్ట్ ఆమెనూ వదల్లేదు. ముగ్గురు గాయకులు, పన్నెండుమంది వాద్యకారులు, కనబడకుండా పాడే స్త్రీల బృందంతో అరగంట ఆపెరా రాశారు. 1916 డిసెంబరులో లండన్‌లో తొలిసారి ఆడారు. 1933లో సి. పుల్లయ్య గారు తెలుగులో ‘సావిత్రి’ టాకీ తీసే నాటికే దానికి 17 ఏళ్ళు. మన సావిత్రి సంతానం వరం అడిగి యముణ్ణి మాటతో కట్టేస్తుంది. హోల్స్ట్ సావిత్రి తన కోసం నిండైన జీవితం మాత్రమే అడుగుతుంది. సత్యవంతుడు లేనిదే అది నిండదని మృత్యువుని ఒప్పిస్తుంది. అల్సెస్టిస్‌ని కాపాడడానికి ఒక వీరుడు కావలసివచ్చింది. సావిత్రి తన మాటతోనే గెలిచింది. ఈ రెండు కథలనూ ఒకే మనిషి పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాడంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

1918 సెప్టెంబరులో ‘ది ప్లానెట్స్’ మొదట వినిపించినప్పుడు చివర్లో పాడింది ఆయన శిష్యులే. తర్వాత కీర్తి వచ్చిపడింది. ఆయనకి అది ఇబ్బందే అయింది. 1925లో లీడ్స్ ఉత్సవంలో ‘ఫస్ట్ కోరల్ సింఫనీ’ పాడించారు. గ్రీకు వనదేవుడు పాన్, బాకస్, గ్రీకు కలశం మీద కీట్స్ రాసిన కవితలే దానికి ఆధారం. చాలామందికి అది కొరుకుడు పడలేదు. ప్రాణమిత్రుడు వాన్ విలియమ్స్ సైతం మెచ్చుకోగలిగాడే గానీ మనసారా ప్రేమించలేకపోయాడు, ఆ సంగతి దాచకుండా చెప్పాడు. స్నేహం మాత్రం చెక్కుచెదరలేదు.

1934 మే 25న, శస్త్రచికిత్స తర్వాత గుండె ఆగి, 59వ ఏట హోల్స్ట్ కన్నుమూశారు. చితాభస్మం చిచెస్టర్ కెథడ్రల్‌లో ఉంది. కుమార్తె ఇమోజెన్ ఆయన జీవితచరిత్ర రాసి, ఆ సంగీతాన్ని కాపాడింది.

మస్కట్‌లో 1985లో ఏర్పడిన రాయల్ ఒమన్ సింఫనీ ఆర్కెస్ట్రాకి ఇక్కడి యువతీయువకులకే మొదటినుంచీ నేర్పి తయారుచేశారు. శ్రద్ధగా నేర్పితే పరాయి సంగీతమైనా వస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇక్కడ మన పిల్లలు తెలుగు పద్యాలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చక్కగానే పాడుతున్నారు. పాడనివ్వండి. కానీ తీరిక దొరికితే అక్షరాలూ నేర్పిద్దాం. ఇద్దరు ఉద్యోగులున్న ఇళ్ళలో అది ఎంత కష్టమో నాకు తెలుసు. రెండు ఉద్యోగాలు చేస్తూ, నొప్పెట్టే చేత్తో, తనది కాని భాషలో ఒక్కొక్క మాటా వెతుక్కున్న ఆ బడిపంతులికీ అది తేలికైన పని కాదు.