ఫారూఖీ హకీం సాబ్ – ఒక్క సీసా మందు కథ

సావనీరు అనగానే నవాబుల గురించో, పండితుల గురించో వ్రాయడం ఆనవాయితీ. ఈసారి మేము ఒక వ్యాపారిని గురించి వ్రాయదలచినాము. కారణం ఉన్నది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేసి చేసి విసిగిన మన పిల్లలు, సొంతంగా ఏదైనా పెట్టుకుంటామని మా దగ్గరికి సలహాకు వస్తున్నారు. అప్పు ఎక్కడైనా దొరుకుతుంది, దుకాణం నడిపే తెలివి అప్పుగా దొరకదు కదా!

జిందా తిలిస్మాత్ సీసా ఎరుగని ఇల్లు మనలో ఉన్నదా? దాన్ని తయారుచేసిన మర్హూం హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ సాబ్ హైదరాబాదు యునానీ వైద్యులు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1920లో, ఈ మందును బజారులోకి తెచ్చినారు.

ఆ రోజుల్లో హకీం అంటే నాడి పట్టి చూసి, నుస్ఖా వ్రాసి ఇచ్చేవారు. ఆ దినుసులు తెచ్చి, దంచి, కాచి, వడగట్టుకోవాలి. కూలికి పోయే మనిషికి అంత తీరిక ఏది? ఫారూఖీ సాబ్ సిద్ధంగా ఉన్న మందును చిన్న సీసాలో పోసి అందించినారు. జలుబు, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు వంటి రోజువారీ బాధలకు వాడే మందు అది. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు, రంగుకు రతన్‌జోత్ వేరు – ఇవీ అందులోని వస్తువులు. వేడి నీళ్ళలో నాలుగు చుక్కలు వేసి ఆవిరి పట్టడమో, ఛాతీకి రుద్దుకోవడమో, చాయ్‌లో వేసుకోవడమో మన ఇళ్ళలో అలవాటే. (జ్వరం రెండు రోజులు దాటితే మాత్రం డాక్టరు దగ్గరికే పోవాలి. ఈ మాట బడిలోనూ చెప్తూనే ఉన్నాము.)

మాకు అన్నిటికంటే నచ్చినది ఆ డబ్బీ మీది బొమ్మ. అది సిద్దీ సిపాయి బొమ్మ. ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం ఫౌజులో కొలువు చేసిన సిద్దీలు బలానికి, ధైర్యానికి పేరుమోసినవారు. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్స్ బస్తీకి ఆ పేరు వారి వల్లనే వచ్చింది. అక్షరం రాని ముసలమ్మ కూడా ఆ బొమ్మ చూపి సీసా అడిగి తీసుకోగలదు. మనవాళ్ళు దుకాణం బోర్డు మీద తమ పేరు, తండ్రి పేరు, ఊరి పేరు అన్నీ వ్రాయిస్తారు గానీ, లోపల ఏమి అమ్ముతారో వ్రాయించడం మరచిపోతారు!

ఇంకొక సంగతి. మందు పేరు వచ్చింది కదా అని హకీం సాబ్ పేరుతో నూరు రకాల సరుకు పుట్టుకొని రాలేదు. ఫారూఖీ మంజన్ అనే పళ్ళపొడి వచ్చింది, అదీ ఎరిగిన విద్యలోనిదే. మన దగ్గర ఏమి జరుగుతున్నది? సెల్ రిపేరు దుకాణం ఆరు నెలలు నడిస్తే, పక్కన చికెన్ సెంటర్ తెరుస్తారు. రెంటికీ గల్లా ఒకటే.

గల్లా అంటే జ్ఞాపకం వచ్చింది. మా దగ్గర చదివిన ఒక కుర్రవాడు సంగారెడ్డిలో వెల్డింగు షాపు పెట్టినాడు. చెయ్యి తిరిగిన పనివాడు, గేట్లు, గ్రిల్లులు అద్దంలా చేస్తాడు. కానీ రాడ్ల ఖర్చు, కరెంటు బిల్లు, ఉధార్ ఇచ్చినవారి పేర్లు ఏవీ వ్రాసి పెట్టలేదు. చెల్లెలి పెళ్ళికి గల్లాలోంచే తీసినాడు. రెండేళ్ళలో షట్టర్ పడింది. మేము వాడికి లెక్కలు నేర్పినాము, వడ్డీ లెక్కలో వాడికి మంచి మార్కులే వచ్చేవి. రోజూ రాత్రి హిసాబ్ వ్రాసుకొమ్మని మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఆ తప్పు కొంత మాదే.

చుక్కల లెక్కన వాడే మందు చేసేవారికి కొలత తప్పితే సాగదు. ఈ సీసాకూ ఆ సీసాకూ వాసనలో తేడా వస్తే గిరాకీ మరుసటిసారి రాడు. హకీం సాబ్ వారసులు అంబర్‌పేట కార్ఖానాలో ఆ పని నిలబెట్టినారు. 2020లో ఆ మందుకు నూరేళ్ళు నిండినాయి.

వెల్డింగు కుర్రవాడు మొన్న రంజాన్‌కు కలిసినాడు. మళ్ళీ షాపు తెరుస్తాడట. రెండు నోటుబుక్కులు కొనిపించి, ఒకదాని మీద దుకాణం, రెండోదాని మీద ఇల్లు అని మేమే వ్రాసి ఇచ్చినాము.